ముప్పావు ఫ్లైట్ బాకీ: పొగమంచు రోజుల్లో మూడు విమాన కంపెనీలకు వంతు పెట్టిన కేసు

ఎయిర్‌పోర్టు ఆపరేషన్స్‌లో కొత్తగా చేరినవాళ్ళకి సంక్రాంతి ముందు ఈ కేసు నోటితో చెబుతుంటాను. ఈసారి రాసి పెడుతున్నాను. గోదావరి డెల్టా జనం వాడుకునే ఎయిర్‌పోర్టు అని తప్ప ఇంకేమీ చెప్పను. కంపెనీల పేర్లు, సంవత్సరం రాయడం లేదు. టైములు కొన్ని అటూ ఇటూ జరిపాను, లెక్క మాత్రం చెడనివ్వలేదు. మొదటి రెండు రోజుల తప్పులు చాలావరకు నావే. వాటిని దాచలేదు, ఎందుకంటే ఈ కేసులో పనికొచ్చే భాగం అదే.

నేపథ్యం

జనవరిలో డెల్టా పొద్దు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. సార్వా కోతలు అయిపోయి, దాళ్వా నాట్ల కోసం చేలన్నీ నీళ్ళు పెట్టి ఉంటాయి. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిపోయిందంటే నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న తడిగాలి తెల్లవారుజాముకల్లా మంచై కూర్చుంటుంది. ఎండ ఎక్కేదాకా కదలదు. మామూలు క్యాట్-1 ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో విమానానికి రన్‌వే దాకా దారి చూపే ఏర్పాటు) ఉన్న రన్‌వే మీద దిగాలన్నా పైలట్‌కి 550 మీటర్లు కనబడాలి. అంతకన్నా తక్కువలో దింపే క్యాట్-3 ఏర్పాటు ఢిల్లీలాంటి కొద్ది చోట్లే ఉంది, మా వైపు లేదు. మంచు బాగా పట్టిన పొద్దున టెర్మినల్ గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఉన్న విమానం తోక కనబడదు.

అది భోగికి ముందు వారం. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి వచ్చే ఫ్లైట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. వెళ్ళేవి సగం ఖాళీ. కనుమ వెళ్ళాక ఇది తిరగబడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పొద్దున 7 నుంచి 11 లోపు మాకు ఏడు ఫ్లైట్లు దిగాలి. పెద్ద కంపెనీవి నాలుగు, అన్నీ పంకాల చిన్న విమానాలు, ఏటీఆర్‌లే. మధ్య కంపెనీవి రెండు, రెండూ పెద్ద జెట్లు, ఎయిర్‌బస్‌లు. చిన్న కంపెనీది ఒక్కటే ఏటీఆర్, చెన్నై నుంచి వచ్చి చెన్నై పోతుంది. ఆ కంపెనీకి మా ఊళ్ళో ఉన్న బతుకంతా ఆ ఒక్క ఫ్లైటే.

విమానాలు ఆగే బేలు నాలుగు. ఒకదాన్ని పనుల కోసం తవ్వేశారు. ఇంకోదాంట్లో పెద్ద కంపెనీ ఏటీఆర్ ఒకటి ఏదో భాగం చెడి ముందురోజు సాయంత్రం నుంచి నిలబడిపోయింది. దాన్ని ఏఓజీ అంటాం, అంటే బాగయ్యేదాకా కదలని విమానం. మిగిలినవి రెండు బేలు. వాటిలో ఎయిర్‌బస్ పట్టేది ఒకటో బేలో మాత్రమే.

దిగే వరుస చూసుకునేది కంట్రోల్ టవర్. బే ఇచ్చేది మేము. బే ఖాళీ లేకుండా విమానాన్ని దించుకుంటే ట్యాక్సీవే మీద నిలబెట్టాల్సి వస్తుంది, దాంతో వెనకాల అంతా ఆగిపోతుంది. అందుకని ఇలాంటి రోజుల్లో కంపెనీలు బయలుదేరే ఊళ్ళో విమానం తలుపు మూసేముందు ఇక్కడ బే ఉందో లేదో మమ్మల్ని అడిగి ఖాయం చేసుకుంటాయి. మా నాన్న కాలవ మీద లస్కరు. దాళ్వాలో గోదావరి సన్నబడి వంతుల మీద నీళ్ళు వదిలే రోజుల్లో తూము తలుపు తాళం ఆయన మొలలో ఉండేది. ఆ వారం నా చేతిలో ఉన్నది కూడా అలాంటి తాళమే. ఆ సంగతి నాకు మూడో రోజుకి గానీ తలకెక్కలేదు.

సమస్య

లెక్క ఇదీ. ఏటీఆర్ బేలోకి వచ్చి జనాన్ని దింపి, ఎక్కించుకుని, అవసరమైతే ఇంధనం పట్టుకుని పోవడానికి, మధ్య సందుతో కలిపి 45 నిమిషాలు. ఎయిర్‌బస్‌కి 60. ఏడు ఫ్లైట్లకీ కలిపి 345 నిమిషాల బే కావాలి. మధ్యాహ్నం 12:30 నుంచి వేరే ఫ్లైట్లు మొదలవుతాయి. మంచు పదింటికి విడితే మిగిలేది రెండున్నర గంటలు, రెండు బేలకీ కలిపి 300 నిమిషాలు. అంటే మంచు సరిగ్గా పదింటికి విడిచినా ఒకళ్ళెవరో పోవాలి. పదిన్నరకి విడిస్తే ఇద్దరో ముగ్గురో పోవాలి.

ఎవరు పోవాలన్నది ఎక్కడా రాసి లేదు. వాతావరణం వల్ల రద్దయితే ప్రయాణికులకి కంపెనీ ఏం చెయ్యాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఉంది. చిన్న దూరం ఫ్లైటు రెండు గంటలు దాటి ఆలస్యమైతే తినడానికీ తాగడానికీ పెట్టాలి, రద్దయితే డబ్బు తిరిగివ్వాలి లేదా వేరే ఫ్లైటు చూపాలి. నష్టపరిహారం మాత్రం వాతావరణానికి వర్తించదు. ఇదంతా కంపెనీకీ ప్రయాణికుడికీ మధ్య విషయం. రెండు బేలు మూడు కంపెనీలకి ఎలా పంచాలన్నది డ్యూటీ అధికారి బుర్రకి వదిలేసినట్టే.

మొదటి రోజు: ముందొచ్చినవాడిదే బే

మామూలు రోజుల్లో మేం చేసేదే ఆ రోజూ చేశాం. ఎవరు ముందు దిగితే వాళ్ళకి బే. ఎవరి మీదా పక్షపాతం లేదు, ఎవరూ వేలెత్తి చూపలేరు అనుకున్నాను.

మంచు 10:10కి విడిచింది. అప్పటికే పెద్ద కంపెనీ ఏటీఆర్‌లు రెండు, మధ్య కంపెనీ ఎయిర్‌బస్ ఒకటి మా నెత్తి మీద చక్కర్లు కొడుతున్నాయి. మంచు ఎప్పుడు విడుస్తుందో తెలియకుండానే బయలుదేరి వచ్చేశాయి, ముందు వరుసలో ఉండాలని. ఏటీఆర్‌లు రెండూ ముందు దిగి రెండు బేలూ పట్టేశాయి. ఎయిర్‌బస్‌కి సరిపోయే ఒకటో బేలో ఏటీఆర్ కూర్చుంది. అది లేచేదాకా ఆగేంత ఇంధనం ఎయిర్‌బస్‌లో లేదు. విజయవాడ వెళ్ళిపోయింది. 170 పైచిలుకు మంది గన్నవరంలో దిగి, బస్సులు కట్టించుకుని వచ్చారు.

చిన్న కంపెనీ చెన్నైలోనే ఆగింది. గాల్లో గంట తిరగడానికి పెట్టే ఇంధనం ఖర్చు ఆ ఒక్క ఫ్లైటు మోయలేదు. 'బే ఖాళీ అయితే చెప్పండి సార్, బయలుదేరతాం' అని వాళ్ళ స్టేషన్ మేనేజరు, శ్రీకాకుళం వైపు అమ్మాయి, నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఖాళీ అయ్యేసరికి పెద్ద కంపెనీ మూడోది, నాలుగోది వచ్చి ఉన్నాయి. మధ్యాహ్నానికి చెన్నైలో వాళ్ళ పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయి. రద్దు.

సాయంత్రం లెక్క చూస్తే పెద్ద కంపెనీకి నాలుక్కి నాలుగు, మధ్య కంపెనీకి రెండుకి ఒకటి, చిన్న కంపెనీకి సున్నా.

నన్ను కంగారుపెట్టింది ఆ సున్నా కాదు. కింద బే సంపాదించాలంటే పైన తిరగాలి అనే పందెం నేనే పెట్టాను. నేను పెట్టిన నిబంధన వల్ల మూడు నిండు విమానాలు మంచు మీద ఇంధనం కాల్చుకుంటూ తిరిగాయి. అది కంపెనీల మధ్య న్యాయం గురించిన గొడవ కాదు, భద్రత గురించిన గొడవ. మర్నాడు ఆ పద్ధతి నడవకూడదని అప్పుడే అనుకున్నాను.

రెండోది ఇంకా ఇబ్బందిగా ఉంది. పెద్ద కంపెనీ మేనేజరు మా ఊరివాడు. వరస కలిపి నన్ను 'బావా' అంటాడు. ఆ పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, 'ఏం బావా, ఎలా ఉంది పరిస్థితి?' అన్నాడు. వాతావరణ నివేదిక అరగంటకోసారి వస్తుంది. ఆ మధ్యలో మా ఫైర్ స్టేషన్ వాచ్ టవర్ మీద కుర్రాడు 'తూర్పు వైపు పల్చబడుతోందండి' అన్న మాట నా చెవిన పడి ఉంది. అదే బావకి చెప్పాను. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు, అడిగాడు, చెప్పాను. చిన్న కంపెనీ అమ్మాయి అదే టైముకి ఫోన్ చేస్తే, 'తర్వాతి నివేదిక రానివ్వమ్మా' అన్నాను. అదీ నిబంధన ప్రకారమే. రెండు జవాబులూ విడివిడిగా చూస్తే తప్పు కాదు. పక్కపక్కన పెడితే పదిహేను నిమిషాల తేడా, ఆ రోజున పదిహేను నిమిషాలంటే ఒక బే.

రెండో రోజు: తలా ఒక వంతు

పక్షపాతం అన్న అనుమానమే రాకూడదని రెండో రోజు వంతులు పెట్టాను. పెద్ద, మధ్య, చిన్న, మళ్ళీ పెద్ద, మధ్య, ఇలా. పొద్దున ఆరింటికే ముగ్గురికీ చెప్పేశాను. ముగ్గురూ సరేనన్నారు, బావ కొంచెం ముఖం ముడిచాడు.

మంచు 10:30కి విడిచింది. రెండో బేలో పెద్ద కంపెనీది, ఒకటో బేలో మధ్య కంపెనీది దిగాయి. రెండో బే 11:15కి ఖాళీ అయింది. ఇప్పుడు వంతు చిన్న కంపెనీది. చెన్నై నుంచి గంటా పావు పైమాటే, కాబట్టి పదికల్లా అక్కడ లేచి ఉండాలి. లేచినట్టు సందేశం రాలేదు. పదీ పదికి వాళ్ళ మేనేజరు అమ్మాయిని అడిగితే 'తలుపు మూస్తున్నారు సార్' అంది. పదీ ఇరవైకి 'ఇంకో పది నిమిషాలు సార్' అంది. అప్పటికి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ ఫ్లైటు ఇంజన్లు వేసుకోవడానికి సిద్ధంగా ఉంది. వంతు వంతే కదా అని నేను ఆపి ఉంచాను. పదకొండు కావొస్తుంటే తేలింది, చిన్న కంపెనీ ఫ్లైటు రావడం లేదని. హైదరాబాద్‌ది బయలుదేరి వచ్చేసరికి 11:55. నలభై నిమిషాలు బే ఖాళీగా ఎండలో ఉంది. టెర్మినల్ అద్దాల్లోంచి జనం ఆ ఖాళీ బేని చూస్తూనే ఉన్నారు.

ఏడింటికి నాలుగే దిగాయి. పెద్ద కంపెనీవి రెండు, మధ్య కంపెనీవి రెండు. పెద్ద కంపెనీ రెండు ఫ్లైట్లు రద్దయి హైదరాబాద్‌లో 150 మంది దాకా చిక్కుకున్నారు. బయట కారేసుకుని నిలబడ్డ ఒక మావగారు, 'కొత్తల్లుడండీ, మొదటి పండగండీ, ఎప్పుడొస్తాడో ఆ మాట చెప్పండి చాలు' అని నన్ను పట్టుకున్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బావ నేరుగా వచ్చి గదిలో కూర్చున్నాడు. 'బావా, ఒక్క ఫ్లైటు ఉన్నవాడికీ నాలుగు ఉన్నవాడికీ సమానంగా పంచడం ఏ ఊరి న్యాయం? పదెకరాల రైతుకీ అరెకరం రైతుకీ ఒకే గంట నీళ్ళు వదులుతావా?' అన్నాడు. కోపంలో అన్నా ఆ మాటలో పస ఉంది.

మధ్యాహ్నం చిన్న కంపెనీ అమ్మాయిని పిలిచి అడిగాను, ముందే తెలుసా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఎనిమిదిన్నరకే తెలుసు సార్. పైలట్లకి గంటలు సరిపోవని. వేరేవాళ్ళు దొరుకుతారేమోనని చూశాం. ముందే చెబితే మా వంతు పోతుంది కదా సార్. నిన్న కూడా పోయింది' అంది.

ఆ అమ్మాయి మీద కేకలెయ్యాలనుకున్నవాణ్ణి ఆగిపోయాను. నిజం చెబితే వంతు పోతుంది, అబద్ధం చెబితే ఉంటుంది. నేను పెట్టిన పద్ధతి అలా ఉంటే ఏ మేనేజరైనా అలాగే చేస్తాడు. అలహాబాద్‌ శిక్షణ కాలేజీలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. అమెరికాలో రద్దీ రోజుల్లో విమానాలని నేల మీద ఆపి ఉంచే పద్ధతిలో ఇదే జబ్బు వచ్చిందట. ఆలస్యమనో రద్దనో ముందే చెప్పిన కంపెనీ నష్టపోయేది, అందుకని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. 1990ల చివర్లో దాన్ని మార్చి, అసలు టైమ్‌టేబుల్‌లో ఉన్న వరుస ప్రకారం వంతులు కేటాయించి, ఒక కంపెనీ తన వంతు వదులుకుంటే ఆ ఖాళీ వల్ల వచ్చే లాభం ముందుగా ఆ కంపెనీకే దక్కేలా చేశారు. అప్పట్నుంచి సమాచారం బయటికి రావడం మొదలైంది. చదివినప్పుడు అదొక పరీక్ష ప్రశ్న, అంతే. ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంటే గానీ అందులో ఉన్న తెలివి నాకు బోధపడలేదు.

మధ్యలో ఒక చిన్న పని

ఆ రెండో రోజే ఇంకొకటి జరిగింది. రద్దయిన చెన్నై ఫ్లైటులో వెళ్ళాల్సిన పదకొండు మంది టెర్మినల్‌లో ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. చెన్నై నుంచి రాత్రికి కువైట్ విమానం ఎక్కాలి. కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఇలా వెళ్ళేవాళ్ళు మాకు రోజూ కనబడతారు. ఆ ఫ్లైటు తప్పితే టికెట్టు డబ్బుతో పోదు, అక్కడి యజమాని దగ్గర మాట పోతుంది.

ఇలాంటివాళ్ళున్న ఫ్లైటుకి ముందు వంతు ఇద్దామా అని ఆలోచించాను. వద్దనుకున్నాను. మర్నాటి నుంచి ప్రతి కంపెనీ మా దాంట్లోనూ కువైట్‌వాళ్ళున్నారంటుంది, నేను పాస్‌పోర్టులు చూసుకుంటూ కూర్చోవాలి. అవసరాన్ని కొలిచి బే ఇవ్వడం మొదలుపెడితే ఆ కొలత నా చేతిలోనే ఉంటుంది, తగువూ అక్కడే ఉంటుంది.

కానీ విమానం మార్చకుండా మనిషిని మార్చవచ్చు. పెద్ద కంపెనీ నాలుగు ఫ్లైట్లలో ఒకటి చెన్నైది, ఆ రోజు దిగిన రెండిట్లో అదొకటి. పండగ ముందు కాబట్టి వెళ్ళే సీట్లు సగం ఖాళీ. బావని అడిగితే, 'పోటీవాళ్ళ ప్యాసింజర్లని నేనెందుకు మొయ్యాలి?' అన్నాడు. నాకు అతని టికెట్ల మీద అధికారం లేదు, అది ఇద్దరికీ తెలుసు. ఖాళీ సీటు ఎలాగూ ఖాళీగానే పోతుంది, రేపు నీ అవసరానికి వాళ్ళూ అలాగే చూస్తారు అన్నాను. చివరికి అన్నిటికన్నా తక్కువ ధరకి పదకొండు సీట్లు ఇచ్చాడు. చిన్న కంపెనీ అక్కడికక్కడే డబ్బు వాపసు రాసింది. ఆ రోజు సవ్యంగా నడిచింది ఇదొక్కటే.

రెండో రాత్రి: కొత్త పద్ధతి

రాత్రి ఏడింటికి ఫైర్ స్టేషన్ గదిలో ముగ్గురు మేనేజర్లనీ, టవర్ నుంచి ఒకరినీ, వాతావరణ కార్యాలయం నుంచి ఒకరినీ, బౌజరు (విమానాలకి ఇంధనం పట్టే లారీ) చూసే అతన్నీ కూర్చోబెట్టాను. ఉన్నది ఒక్క బౌజరే, ఆ గొడవ కూడా ఉంది.

ముందు తలల లెక్క మీద వాదన నడిచింది. మధ్య కంపెనీ పెద్దమనిషి కాగితం మీద రాసి చూపించాడు. ఎయిర్‌బస్ 60 నిమిషాల్లో 180 మందిని దింపుతుంది, అంటే నిమిషానికి ముగ్గురు. ఏటీఆర్ 45 నిమిషాల్లో 78 మందిని, నిమిషానికి ఇద్దరు కూడా లేరు. 'ఎక్కువమందికి మేలు జరగాలంటే ఎయిర్‌బస్‌లు ముందు దిగాలండి' అన్నాడు. లెక్క సరైనదే. ఒక్క రోజు సంక్షోభమైతే బహుశా నేను ఒప్పుకునేవాణ్ణి. కానీ మంచు వారమంతా ఉండేలా ఉంది. రోజూ అదే కొలత వాడితే రోజూ ఏటీఆరే పోతుంది, అందులోనూ ఒక్క ఏటీఆర్ ఉన్న కంపెనీకి రోజూ సున్నానే. చిన్న విమానం నడపడం నేరమైపోతుంది. ఆ కంపెనీ మా ఊరు వదిలి పోతే తర్వాత చెన్నై టికెట్టు ధర ఎవరు ఎంత చెబితే అంత.

చివరికి కుదిరింది ఇది. లండన్ హీత్రూలో మంచు రోజుల్లో ముందురోజే కంపెనీల వాటా ప్రకారం షెడ్యూల్ తగ్గించే పద్ధతి ఉంది. దాన్నీ అమెరికా పద్ధతినీ మా రెండు బేలకి సరిపడా కుదించుకున్నాం. వరుస అసలు టైమ్‌టేబుల్‌దే. మంచు ఎప్పుడు విడిచినా 7:15 ఫ్లైటుది మొదటి వంతు, 7:50ది రెండోది. పైన తిరిగినా కింద ఆగినా వంతు మారదు. కోత తప్పనప్పుడు అది వాటా ప్రకారం. ఏడింట పెద్ద కంపెనీకి నాలుగు వంతులు, మధ్యకి రెండు, చిన్నదానికి ఒకటి. రెండు ఫ్లైట్లు తగ్గించాలంటే పెద్ద కంపెనీ భాగానికి ఒకటీ కొంచెం, మధ్యకి సగం పైన, చిన్నదానికి పావు పైన వస్తాయి. విమానాన్ని ముక్కలు కొయ్యలేం కాబట్టి ఎక్కువ భాగం ఎవరిదో వాళ్ళది పోతుంది, మిగిలిన పావులూ అరలూ పద్దు పుస్తకంలో రాసి రేపటికి కలుపుతాం. చిన్న కంపెనీ కూడా నాలుగు రోజులకోసారి కోత భరించాల్సిందే, రోజూ మాత్రం కాదు.

పొద్దున ఎనిమిది లోపు 'నా ఫ్లైటు ఆలస్యం' అని చెప్పినవాళ్ళకి వంతు పోదు. తర్వాత వచ్చే మొదటి ఖాళీ వాళ్ళదే. ఎనిమిది దాటాక చెబితే వరుస చివరికి. తన వంతుల్లో తన ఫ్లైట్లని ఏ కంపెనీ అయినా అటూ ఇటూ మార్చుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు. మినహాయింపులు రెండే: ఇంధనం తక్కువైందనో ప్రమాదమనో పైలట్ అంటే టవర్ ఇష్టం, స్ట్రెచర్ మీద రోగి ఉంటే ముందు వంతు. బౌజరు కూడా ఇదే వరుసలో తిరుగుతుంది. వీలైనవాళ్ళు రెండు వైపులకీ సరిపడా ఇంధనం అక్కడే పట్టుకుని రావాలి.

సమాచారం మాత్రం బోర్డు మీదే. ఆపరేషన్స్ గదిలో తెల్లబోర్డు, దాని ఫొటో ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో. నివేదికకీ నివేదికకీ మధ్య వాచ్ టవర్ కుర్రాడు ఏం చూసినా ముందు బోర్డు మీద రాయాలి. ఫోన్లో నేనేమీ చెప్పను. ఇది నా మీద నేనే పెట్టుకున్న నిబంధన. మా నాన్న తూము గోడ మీద బొగ్గుతో రాసేవాడు, ఏ రోజు ఎన్నింటికి తలుపు ఎత్తిందీ ఎన్నింటికి దించిందీ. శివారు రైతులు సైకిలు మీద వచ్చి అది చదువుకుని పోయేవాళ్ళు, ఆయన్ని ఏమీ అడిగేవాళ్ళు కాదు. చిన్నప్పుడు అదంతా ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి.

రెండు తగువులు మిగిలాయి. చిన్న కంపెనీ అమ్మాయి, గత రెండు రోజుల నష్టం కూడా పద్దులో రాయాలంది. నేను ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఈ నిబంధన ఎవరికీ తెలియదు, తెలియని నిబంధనకి వెనక తేదీ వేసి పెద్ద కంపెనీకి కోత పెట్టలేను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఇంకేమీ అనలేదు. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనుకుంటాను, కాకపోతే ఆమె వైపు కూర్చుని చూస్తే అలా కనబడదు.

రెండోది కదలని ఏటీఆర్. 'మీ విమానం ఒక బే తినేసింది, ఆ బే మీ వాటాలో తగ్గించాలి' అన్నాడు మధ్య కంపెనీ పెద్దమనిషి. విమానం చెడిపోవడం ఎవరికైనా జరిగేదే కదా అన్నాడు బావ. ఇద్దరి మాటా నిజమే. చెడిపోవడం దురదృష్టం. చెడిపోయాక బాగు చేయించడానికి ఎంత తొందరపడతారన్నది మాత్రం వాళ్ళ చేతిలో ఉంది. ఆ బే నష్టం అప్పటిదాకా అందరిదీ, మర్నాడు సాయంత్రం దాటినా కదలకపోతే ఎల్లుండి నుంచి పెద్ద కంపెనీ ఖాతాలోకి అన్నాను. రేపు సాయంత్రానికి గానీ రాదన్న విడిభాగం ఆ రాత్రి రెండింటికి హైదరాబాద్ నుంచి కారులో వచ్చేసింది. బస్సు పార్సిల్‌లో వేయబోతున్నారని తర్వాత తెలిసింది.

మూడో రోజు

వాతావరణం వాళ్ళు 10:15కి విడుస్తుందన్నారు. ఆ లెక్కన ఐదు ఫ్లైట్లు పడతాయి, రెండు పోవాలి. పద్దు ప్రకారం పెద్ద కంపెనీ 10:55ది, మధ్య కంపెనీ 10:25ది.

ఆరున్నరకి చిన్న కంపెనీ నుంచి గ్రూపులో మెసేజ్ వచ్చింది: పైలట్లు మారుతున్నారు, గంటన్నర ఆలస్యం, రెండో వంతు వదులుతున్నాం. ముందురోజు ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా దాచిన సమాచారం ఇది. ఈసారి ఆరున్నరకే బోర్డు మీదికెక్కింది. వాళ్ళ వంతు ఐదోదిగా మారింది, వెనకాలవాళ్ళు ఒక్కొక్క మెట్టు ముందుకి జరిగారు. ఎవరికీ నష్టం లేదు.

ఎనిమిదింటికి పైనుంచి ఫోన్. పెద్ద కంపెనీ 10:55లో, అంటే కోత పడ్డదాంట్లో, ఒక ప్రజాప్రతినిధి ఉన్నారు. ఆ ఫ్లైటు ముందుకి జరపాలి. 'ఫ్లైటు వరుస జరగదండి. ఆయన్ని తమ మొదటి ఫ్లైటులో కూర్చోబెట్టుకోడానికి కంపెనీకి అడ్డేమీ లేదండి' అన్నాను. బావ ఎవర్నో బతిమాలి ఒక సీటు ఖాళీ చేయించాడు. నిబంధన రాత్రే రాసి ముగ్గురి సంతకాలూ తీసుకోకపోతే ఆ జవాబు నా నోట్లోంచి వచ్చేది కాదు. ఇందులో ధైర్యం ఏమీ లేదు, చేతిలో కాగితం ఉంది.

మంచు 9:50కే విడిచింది. ఆకాశంలో చక్కర్లు కొడుతున్న విమానం ఒక్కటి కూడా లేదు. 12:30కి ముందు 160 నిమిషాలు, రెండో బేలో మూడు ఏటీఆర్‌లు, ఒకటో బేలో ఒక ఎయిర్‌బస్, ఒక ఏటీఆర్. ఇంకో 55 నిమిషాలు మిగిలాయి. కోత పడ్డవాటిలో టైమ్‌టేబుల్ ప్రకారం ముందున్నది మధ్య కంపెనీ ఎయిర్‌బస్. దానికి 60 కావాలి. ఏటీఆర్‌కి 45 చాలు. పెద్ద కంపెనీ నాలుగోది దిగింది. ఏడింటికి ఆరు.

మధ్య కంపెనీ పెద్దమనిషి బోర్డు దగ్గరకొచ్చి చాలాసేపు నిలబడ్డాడు. 'ఐదు నిమిషాలకి నా ఫ్లైటు పోయిందండి' అన్నాడు. పోయింది. ఒక్క కోతలో అతని భాగం పావు కన్నా కొంచెం ఎక్కువ, మోసింది మొత్తం ఒకటి. ఆయన చూస్తుండగానే పద్దులో రాశాను: మధ్య కంపెనీకి ముప్పావు ఫ్లైటు బాకీ.

నాకు అర్థమైనవి, కానివి

సమానంగా పంచడం, న్యాయంగా పంచడం ఒకటి కాదని అందరూ అంటారు. నాకు ఈ కేసులో కొత్తగా తెలిసింది ఇంకొకటి. ఏ కొలతతో పంచుతామన్నదాన్ని బట్టి జనం మనకి నిజం చెబుతారో లేదో ఉంటుంది. మొదటి రోజు నా కొలత గాల్లో పందెం పెట్టింది, రెండో రోజు కొలత అబద్ధం ఆడించింది. మనుషులు మూడు రోజులూ వాళ్ళే.

బావ ఫోన్ల సంగతి. బంధుత్వం ఉన్నవాడికి బే ఇవ్వలేదు కాబట్టి నేను తప్పు చెయ్యలేదని చాలాకాలం వాదించుకున్నాను. బే కన్నా ముందు పంచాల్సింది సమాచారం అని ఇప్పుడు కొత్తవాళ్ళకి చెబుతాను. డెల్టాలాంటి చోట ఎవరో ఒకరు మనకి బావో బాబాయో కాకుండా ఉండరు. ఫోన్ ఎత్తకుండా ఉండలేం, బోర్డు మీద లేని మాట మాత్రం అనకుండా ఉండగలం.

నేను సరిగ్గా చెయ్యనిది ఒకటుంది. కాగితం మీద లెక్క సరిపోయినా, మూడు రోజులూ మా పొద్దుటి ఫ్లైట్లు 12:30 గీత దాటి పోయాయి. మధ్యాహ్నం ఫ్లైట్లు రోజూ ఇరవై, ముప్పై నిమిషాలు ఆలస్యమయ్యాయి. ఆ రాత్రి ఫైర్ స్టేషన్ గదిలో ఆ ఫ్లైట్ల తరఫున మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. ముగ్గురూ ఒప్పుకున్నారు కదా అని నేను సంబరపడ్డాను. గదిలో లేనివాళ్ళ జేబులోంచి తీసి ముగ్గురం పంచుకున్నామని వాళ్ళ ఫిర్యాదు వచ్చాక గానీ తెలియలేదు. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన పద్ధతి లేదు. ఆ గదిలో ఒక కుర్చీ వాళ్ళకి వెయ్యాలని మాత్రం తెలుసు.

టీ సంగతి కూడా రాయాలి. పెద్ద కంపెనీ తన ప్రయాణికులకి పులిహోర పొట్లాలు పంచుతుంటే పక్క వరుసలో చిన్న కంపెనీవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. పెట్టాల్సిన బాధ్యత కంపెనీదే. కానీ టెర్మినల్ మాది. మూడో రోజు టీలూ నీళ్ళూ బిస్కెట్లూ బోర్డింగ్ పాసు చూడకుండా అందరికీ ఇప్పించి, బిల్లు తలల లెక్కన మూడు కంపెనీలకీ పంపాను. తలల లెక్క అక్కడ సరిగ్గా సరిపోయింది.

నాలుగో రోజు భోగి. తెల్లవారుజామున ఊరి చుట్టూ భోగిమంటల పొగ లేచింది గానీ మంచు పట్టలేదు, గాలి మళ్ళింది. ఏటీఆర్ ముందురోజు మధ్యాహ్నమే లేచి వెళ్ళిపోయింది, ఏడు ఫ్లైట్లూ టైముకి దిగాయి. పద్దు పుస్తకం అవసరం మళ్ళీ రాలేదు. ఏప్రిల్లో నాకు బదిలీ అయింది. మధ్య కంపెనీ పెద్దమనిషి ఇప్పుడు రిటైరయ్యాడు. ఏ పెళ్ళిలో కనబడినా పది మందిలో గట్టిగా పిలిచి అంటాడు: 'ఏవండోయ్, నా ముప్పావు ఫ్లైటు ఇంకా మీ దగ్గరే ఉందండోయ్.'